దించమనే మాట

ఆ రోజు స్వర్ణ డ్యూటీలో లేదు. ఆ తర్వాత ఆవిడ తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా ఈ ఒక్క ముక్కే చెప్పుకుంది కాబట్టి, మనమూ దీంతోనే మొదలుపెడదాం.

అరకు లోయ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఆవిడ. కొండ మీద పుట్టి, కొండ మీదే చదివి, ఆ కొండ జనానికే సూదులూ సెలైన్లూ పెడుతూ తల నెరిసిన మనిషి. ఆ మధ్యాహ్నం మాత్రం తెల్లచీర విప్పేసి పూలచీర కట్టుకుంది. మెడలో కార్డు తీసి టిఫిను సంచి అడుగున, చోడిపిండి పొట్లం కింద దాచింది. ఒరిస్సా కొండల మీదుగా చుట్టు తిరిగి సాలూరు దిగే ప్రైవేటు బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

సాలూరులో కూతురు నీలవేణికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు సురేంద్ర ఫోను చేశాడు.

"అత్తయ్యా, మీరొస్తారా అని అడుగుతోంది. ఇంకేమీ అడగట్లేదు."

మొదటి కాన్పప్పుడు స్వర్ణ వెళ్ళలేదు. వార్డు నిండా జ్వరాలు, పక్క నర్సు సెలవు. వెళ్ళలేకపోయింది. ఆ బిడ్డ దక్కలేదు. నీలవేణి తల్లిని ఒక్క మాటా అనలేదు. అననందుకే అది ఇన్నాళ్ళూ ముల్లులా లోపల ఉండిపోయింది. ఈసారి మాత్రం కొండలు కూలినా సరే కూతురు పక్కన నిలబడాలి. బస్సెక్కుతూ మనసులో అనుకున్న మాట అదే.

కొండలు కూలాయి.

వాయుగుండం పట్టి రోజుల తరబడి వాన. బస్సు అద్దాల మీద పొగమంచు పాలమీగడలా కట్టుకుపోయింది. కండక్టరు అప్పారావు చేతిరుమాలుతో తుడుస్తూ ఉంటే అది మళ్ళీ కడుతూనే ఉంది. సంత చేసుకుని సాలూరు తిరిగి పోతున్న కిరాణా వ్యాపారి వీరభద్రరావు మిరియాల బస్తా మీద కాళ్ళు చాపుకున్నాడు.

"ఒరే అప్పారావూ, బస్సుకి టిక్కెట్టు ఇచ్చావా, పడవకా?"

"పడవైతే మునిగాక కూడా డబ్బులు వాపసివ్వం బాబూ. కూకోండి."

నలుగురూ నవ్వారు. వెనక సీట్లో విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్ట ఒళ్ళో పెట్టుకున్న కనక అనే ముసలమ్మ మాత్రం నవ్వలేదు. కిటికీ సందులోంచి గాలి వాసన చూస్తోంది.

"పచ్చివేరు వాసనొస్తంది," అంది. "కొండ తెగతంది."

మలుపు తిరిగేసరికి ముందు రోడ్డు లేదు. ఎర్రమట్టి, బండలు, తలకిందులుగా దిగబడ్డ చెట్లు. వేళ్ళు ఆకాశంలోకి చూస్తున్నాయి. డ్రైవరు వెనక్కి తీద్దామని గేరు వేశాడో లేదో, వెనక మలుపు దగ్గర పెద్ద ఉరుములాంటి చప్పుడు. ఉరుము కాదు. చాలాసేపు ఆగకుండా వచ్చింది. అప్పారావు టార్చి పట్టుకుని పరిగెత్తి, మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చాడు.

"ఎనకా పోయింది."

ఒక పక్క నిలువు కొండ, ఇంకో పక్క లోయ. ముందూ వెనకా మట్టిగోడ. మధ్యలో రెండు మలుపులంత రోడ్డు ముక్క, దాని మీద బస్సు. ఫోనుల్లో సిగ్నలు ఎగిరిపోయింది. సాయంత్రమైనా కాలేదు, అప్పుడే చీకటి పడ్డట్టు ఉంది. ఇంజను ఆపేశాక వాన చప్పుడొక్కటే మిగిలింది.

స్వర్ణ సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఆ మట్టి అవతల ఎక్కడో కూతురు పళ్ళ బిగువున నొప్పులు భరిస్తోంది.

అప్పుడు వినిపించింది.

"హే... హో... హే... హో..."

మోతగాళ్ళ ఊపిరి అది. కొండ మనిషికి చెప్పక్కర్లేదు. బస్సు వెనక పొగమంచులోంచి నలుగురు మగాళ్ళు వచ్చారు, భుజాల మీద పొడుగాటి వెదురు కర్ర, దానికి దుప్పటి ఉయ్యాల. డోలీ.

ఆ ఊళ్ళకు రోడ్డు లేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా టేపు పట్టుకుని కొలుస్తారు, సున్నం పూసిన రాళ్ళు పాతుతారు, ఫొటో దిగిపోతారు. ఆ రాళ్ళ పక్కనుంచే డోలీలు నడుస్తాయి. గర్భిణులూ, పాము కరిచినవాళ్ళూ, జ్వరంతో కళ్ళు తేలేసిన పిల్లలూ ఈ దేశంలో ఇంకా దుప్పటి ఉయ్యాలలోనే ఆసుపత్రికి వస్తున్నారు. సిగ్గుపడాల్సినవాళ్ళు కార్లలో తిరుగుతున్నారు.

డోలీకి అక్కడొక కట్టుబాటుంది. ఎత్తాక దాన్ని దారిలో నేలకు తాకనివ్వరు. అలిసిపోతే భుజం మార్చుకుంటారు గానీ దించరు. ఎక్కడికి చేరినా వైద్యం తెలిసినవాళ్ళు వచ్చి, గుడ్డ తొలగించి, చూసి, 'దించండి' అనాలి. లోపలి మనిషి బతికున్నా అనాలి, పోయినా అనాలి. ఆ మాట పడకుండా దించితే ఆ బరువు నేల తీసుకోదంటారు. స్వర్ణ ఆసుపత్రి వరండాలో ఈ మాట ఎన్ని వందలసార్లు అందో ఆవిడకే తెలియదు. మోతగాళ్ళు చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే, చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుడ్డ తీసి, చూసి, దించండి అనేది. చదువుకున్న కుర్ర డాక్టర్లు నవ్వితే, "మీకేం తెలుసు, వాళ్ళ భుజాలకు తెలుసు," అనేది.

అప్పారావు తలుపు తెరిచి, లోపలికి తిరిగి అరిచాడు. "డాక్టరు గానీ నర్సమ్మ గానీ ఉన్నారేటి? ఎవరికో బాగోలేదంట."

ఎవరూ పలకలేదు.

స్వర్ణ పెదవి కదిలింది. ఆగిపోయింది. నిరుడు ఇలాగే సెలవు రోజున రోడ్డు మీద పడివున్న మోటారుసైకిలు కుర్రాణ్ణి చూసి ఆగింది. రక్తం ఆపింది. ఆసుపత్రికి చేరేలోపు పోయాడు. బంధువులు ఆవిడ మీదే పడ్డారు. పైవాళ్ళు మెమో ఇచ్చారు, డ్యూటీలో లేని మనిషివి నీకెందుకని. తప్పు చేసినవాళ్ళని వదిలేసి చెయ్యి పెట్టినవాళ్ళని పట్టుకోవడం మన ఆఫీసులకు బాగా వచ్చు. డ్యూటీ బయట ఇక చెయ్యి పెట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. పైగా ఇప్పుడు దిగిందంటే రాత్రంతా ఆ రోగి దగ్గరే. దారి తెరిచినప్పుడు కూడా వదిలిపెట్టి కదలనివ్వరు. కూతురు...

డోలీ సరిగ్గా ఆవిడ కిటికీ కింద ఆగింది. ముందు కర్ర మోస్తున్నవాడు తలెత్తాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి. వాడి పేరు మంగ్లు అని తర్వాత తెలిసింది.

"బేగి సూడమ్మా," అన్నాడు.

ఎవరి వంకో చూసి కాదు. తనవంకే.

స్వర్ణ కిటికీ అద్దం బెత్తెడు మాత్రం జరిపింది. దుప్పటి వంక చూడలేదు.

"ఇక్కడేం చేయడానికి లేదయ్యా. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి."

పూలచీర కట్టుకోవచ్చు, కార్డు దాచుకోవచ్చు. వార్డుల్లో పండిన ఆ గొంతు ఎక్కడ దాస్తుంది? మంగ్లు గుర్తుపట్టినట్టు తలాడించాడు.

"ఎల్లమంటావా అమ్మా?"

"వెళ్ళండి."

"హే... హో..." అనుకుంటూ బస్సు పక్కనుంచి ముందుకు సాగిపోయారు. పొగమంచు వాళ్ళని మింగింది.

పైకి పంపడం ఆసుపత్రుల వాళ్ళకు అలవాటు. చిన్నాసుపత్రి పెద్దాసుపత్రికి, పెద్దాసుపత్రి పట్నానికి. నోటితో ఒక్క మాట. దాని బరువెంతో మోసేవాడి భుజాన్నడగాలి.

వీరభద్రరావు వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, ముందు రోడ్డే లేదు కదా. ఎక్కడికి వెళ్ళమన్నారు?"

స్వర్ణ తల తిప్పుకుంది. మట్టి దాటే దారి కాలినడకన పోయేవాళ్ళకు తెలిసే ఉంటుందనుకుంది. అనుకుని కళ్ళు మూసుకుంది.

కాసేపటికి మళ్ళీ వినిపించింది.

"హే... హో..."

ముందునుంచి కాదు. వెనకనుంచి.

అప్పారావు మెట్టు మీద నిలబడి బీడీ ముట్టించుకోబోతున్నవాడల్లా ఆగిపోయాడు. అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. అదే నలుగురు. అదే దుప్పటి. ముందుకు పోయినవాళ్ళు తిరిగి రాలేదు. బస్సుకు అటుపక్క లోయ. ఇటుపక్క గోడలాంటి కొండ. మరి వెనకనుంచి ఎలా...

డోలీ మళ్ళీ కిటికీ కింద ఆగింది. కర్ర ఇందాకటి కంటే ఎక్కువ వంగింది.

"ఇక్కడ దించమంటావా అమ్మా?"

స్వర్ణ ఈసారి వాడి వంక చూసింది. వాన మంగ్లు నెత్తి మీద ధారగా పడుతోంది. బస్సు మీది బురద కడిగేస్తోంది, రోడ్డు మీది బురద కడిగేస్తోంది. వాడి మీది మట్టి మాత్రం ఒక్క చుక్క కూడా కారట్లేదు. ముక్కుల్లో మట్టి. చెవుల్లో మట్టి. నోరు నిండా మట్టి... ఆ నోరు కదలకుండానే మాట వస్తోంది.

ఆవిడ అద్దం మూసేసింది. వాళ్ళు కాసేపు నిలబడి, ముందుకు సాగిపోయారు.

"లైట్లు ఆపేయ్," అని డ్రైవరుతో గుసగుసగా అన్నాడు అప్పారావు. తలుపు మూసి, గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బస్సులో తడిబట్టల వాసన, మిరియాల వాసన, వాటన్నిటి మీదా పచ్చివేరు వాసన.

కనక లేచి సీట్లు పట్టుకుంటూ ముందుకొచ్చింది.

"ఆడు మంగ్లు. నానెరుగుదును. మా సెల్లిని ఇచ్చిన ఊరు." ఆగి ఊపిరి పీల్చుకుంది. "నిన్న తెల్లారగట్ల ఆ ఊరి మీద కొండ పడిపోనాది. ఒక్క కొంపా మిగల్లేదని సంతలో సెప్పుకున్నారు. ఎవురో నిండు సూలాలికి నొప్పులొత్తే డోలీ కట్టి బయలెల్లారంట. ఊరు దాటకముందే..."

అప్పారావు గడియను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"సచ్చినా దించలేదు సూడు," అంది కనక. "మాట పడలేదు మరి."

"ఎవరో ఒకరు దించమని అరిస్తే పోలా?" అన్నాడు వీరభద్రరావు. "నేనంటా."

"నువ్వంటే ఇనరు. ఎవురు ఎల్లమన్నారో ఆలే దించమనాల."

బస్సంతా స్వర్ణ వైపు తిరిగింది. ఆ చీకట్లో ముఖాలు కనపడవు, తిరిగినట్టు మాత్రం తెలుస్తుంది.

"నేను డ్యూటీలో లేను," అంది స్వర్ణ.

అనేశాక తెలిసింది ఏమన్నదో.

"అంటే నర్సువా?" వీరభద్రరావు మెల్లిగా అన్నాడు. "కండక్టరు అంతలా అరిచినా నోరు మెదపలేదే?"

"నా కూతురికి నొప్పులు. నేను వెళ్ళాలి. నాకు ఇంకేమీ..."

"ఆ డోలీలోదీ ఎవురో కన్న ఆడగుంటే కదా," అంది కనక. తిట్టినట్టు అనలేదు. తల నిమిరినట్టే అంది. "ఎల్లు తల్లీ. సూసి, మాట సెప్పీసి రా. అంతే కదా."

"హే... హో..."

వెనకనుంచే. ఈసారి అడుగులు బరువుగా పడుతున్నాయి. ఒక్కో అడుగుకీ బస్సు అద్దాలు సన్నగా అదురుతున్నాయి. వెదురు కిర్రుమంటోంది. దుప్పటి నేలకు జానెడు ఎత్తులో ఊగుతోంది. దుప్పటి చివర ఒక చుక్క జారబోయి, జారక, వేలాడుతోంది.

అప్పారావు గడియ తీశాడు. ఎవరూ నెట్టలేదు గానీ నెట్టినట్టే అయింది. స్వర్ణ మెట్లు దిగింది. వెనక తలుపు మూసుకున్న చప్పుడు.

వాన. చల్లటి వాన. డోలీ దగ్గర మాత్రం వేడిగా ఉంది, అప్పుడే మనిషి లేచిన పక్కలా.

"ఇక్కడ దించమంటావా అమ్మా?"

స్వర్ణ దగ్గరికెళ్ళింది. చెయ్యి చాపింది. గుడ్డ అంచు వేళ్ళకు తగిలింది. తీయడమే. తీసి చూడడమే. ఇన్నేళ్ళుగా చేసిన పనే.

దుప్పటి మడతలోంచి ఒక చెయ్యి జారింది. ఆడపిల్ల చెయ్యి. ఆకుపచ్చ గాజులు. మణికట్టు పైకి తిప్పి ఉంది, నాడి చూడమన్నట్టు.

నర్సు చెయ్యి దానంతటదే ముందుకు పోబోయింది. సరిగ్గా అప్పుడు ఆ చూపుడువేలు కదిలింది.

స్వర్ణ చెయ్యి వెనక్కి లాక్కుంది. కళ్ళు మూసుకుంది.

"దించండి," అంది.

ఎవరూ కదల్లేదు. వాన చప్పుడొక్కటే.

"సూసేవా అమ్మా?" అన్నాడు మంగ్లు.

ఎంత మెల్లిగా అడిగాడంటే, అందులో అనుమానం కూడా లేదు. ఆసుపత్రి మనిషి మాట మీద కొండ జనానికుండే గుడ్డి నమ్మకమే ఉంది.

"చూశాను," అంది స్వర్ణ.

నాలుగు భుజాలు ఒక్కసారిగా దిగిన చప్పుడు. పెద్ద నిట్టూర్పు, కొండంతా ఊపిరి వదిలినట్టు. మూట నేలను తాకింది. కళ్ళు తెరిచేసరికి నలుగురూ వెదురు కర్ర ఊడదీసుకుని, భుజానేసుకుని, ముందుకు వెళ్ళిపోతున్నారు. వెనక్కి చూడలేదు. రోడ్డు మధ్యలో దుప్పటి మూట ఒక్కటే ఉంది.

ఆవిడ బస్సులోకి పరిగెత్తింది. మూట వంక ఎవరూ టార్చి వేయలేదు. తెల్లవార్లూ ఎవరూ నిద్రపోలేదు. కనక ఒక్కసారి మాత్రం అడిగింది, "గుడ్డ తీసేవా?" అని. స్వర్ణ నిద్ర నటించింది.

పొద్దున్నే మట్టి తీసే యంత్రాలు వచ్చాయి. అప్పారావు ధైర్యం చేసి మూట కాలితో కదిపాడు. ఖాళీ దుప్పటి. అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు మడతలు. రాత్రంతా కురిసిన వానలో, దుప్పటి పరుచుకున్న మేర రోడ్డు పొడిగా ఉంది.

ఘాటు దిగుతుంటే ఫోను మోగింది.

"అత్తయ్యా, నిన్న చీకటి పడ్డాక పాప పుట్టింది," అన్నాడు సురేంద్ర. "తల్లీ పిల్లా బాగానే ఉన్నారు. మీరు బేగి రండి."

స్వర్ణ ఏడ్చింది. బస్సులో వాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. వీరభద్రరావు కూడా, "పోన్లెండి, మంచే జరిగింది," అన్నాడు. కనక మాత్రం అడ్డాకుల కట్ట సర్దుకుంటూ ఉండిపోయింది.

సాలూరు ఆసుపత్రిలో నీలవేణి దిండుకు ఆనుకుని కూర్చుంది. కళ్ళ కింద నల్లచారలు. తల్లిని చూసి చెయ్యి చాపింది.

"వచ్చావా అమ్మా."

పాప సురేంద్ర భుజం మీద ఉంది. అతను గది ఈ మూలనుంచి ఆ మూలకు నడుస్తున్నాడు. అతని తల్లి గోడకు చేరబడి భుజం నొక్కుకుంటోంది.

"ఇటివ్వు బాబూ, పడుకోబెడతాను," అంది స్వర్ణ.

"వద్దు అత్తయ్యా." సురేంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు. "పడుకోబెడితే ఊపిరి తీయట్లేదు."

"ఏంటి?"

"పుట్టినప్పట్నుంచీ అంతే. చేతుల్లో ఉంటే బాగానే ఉంది. మంచం మీద గానీ, తొట్లో గానీ, కింద పెట్టగానే నీలంగా అయిపోతోంది. డాక్టర్లందరూ చూశారు. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. వాళ్ళకీ అర్థం కావట్లేదు. తూకం కూడా నేను ఎత్తుకుని నిలబడితేనే చూశారు."

స్వర్ణ పాపను అందుకుంది. ఎర్రగా, బొద్దుగా, వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళలో వేలమంది పిల్లల్ని ఎత్తుకున్న చేతులవి. ఇంత చిన్న ఒంటికి ఇంత బరువుండదని వాటికి తెలుసు.

ఒళ్ళో పెట్టుకుని గుడ్డ తొలగించింది. ఈసారి చూసింది. తల, మాడు, కళ్ళు, గోళ్ళు, బొడ్డు, అరికాళ్ళు. నాడి చూసింది. అంతా సరిగ్గానే ఉంది. ఎవరికీ వినపడకుండా, ఎవరినో బతిమాలుతున్నట్టు, "దించండి," అంది.

మెల్లిగా పక్క మీద పడుకోబెట్టింది.

పాప ఛాతీ ఆగింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. నీలవేణి కేక వేయలేదు, కళ్ళు మూసుకుంది. స్వర్ణ గబుక్కున ఎత్తి భుజాన వేసుకుంది. పాప ఊపిరి తీసింది. మెడ దగ్గర వెచ్చగా, నిదానంగా తగిలింది ఆ ఊపిరి.

లేచి నడవడం మొదలుపెట్టింది. ఇంకేం చేయగలదు?

"నేనూ, మా అమ్మా, రాత్రి డ్యూటీ ఆయమ్మా, ముగ్గురం మార్చుకుంటున్నాం," అన్నాడు సురేంద్ర. "మీరొచ్చారు, నలుగురమయ్యాం. ఇక ఎలాగో..."

నడుస్తూ నడుస్తూ స్వర్ణ వరండాలోకి వచ్చింది. పురుళ్ళ గది తలుపు పక్కన గోడకు పొడుగాటి వెదురు కర్ర ఒకటి ఆనించి ఉంది. చివరలు రెండూ భుజాల రాపిడికి నున్నగా మెరుస్తున్నాయి. నడుమ తాడు కట్టిన చోట ఎర్రమట్టి. వాన వెలిసి ఎండ కాస్తోంది, కర్ర మాత్రం తడిగానే ఉంది. ఊడ్చే ఆమెను అడిగితే, పొద్దున్నుంచీ అక్కడే ఉందనీ, ఎవరిదో తెలియదనీ, జరుపుదామంటే కదల్లేదనీ చెప్పింది.

స్వర్ణ కర్రను దాటి నడిచింది. మళ్ళీ వెనక్కి తిరిగి నడిచింది. భుజం మండుతోంది.

"భుజం మారుస్తావా అమ్మా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

సురేంద్ర గదిలో, మంచం పక్కన కుర్చీలో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.